పిండి పులవని రోజు

మా గ్యారేజ్‌లో ఏనాడూ కారు పెట్టలేదు. కారు బయట ఎండకి మాడుతుంటే లోపల కంప్యూటర్లు ఏసీ వేసుకుని దర్జాగా ఉండేవి. ఇక్కడ నడి ఎండాకాలమైన జనవరిలో స్టీరింగ్ ముట్టుకుని చెయ్యి చుర్రుమన్నప్పుడల్లా మా ఆయన, "ఈసారి నేనే పోయి ఆ ఏసీలో పడుకుంటా, మీ డబ్బాలని తెచ్చి కార్లో కూర్చోబెట్టుకోండి" అని సణిగేవాడు. సణిగితే సణిగాడు. ఆ డబ్బాల మీదే మా కంపెనీ మొత్తం నడిచేది.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆస్ట్రేలియాలోని ఈ పెర్త్‌లో ఇంట్లో వండి అమ్మే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకావిడ గోంగూర పచ్చడి పెడుతుంది, ఇంకొకావిడ సున్నుండలు చుడుతుంది, మరొకావిడది ఆదివారం బిర్యానీ. అదంతా వాట్సాప్ గ్రూపుల్లో "అక్కా నాకు రెండు బాక్సులు", "సారీ అమ్మా అయిపోయాయి" అంటూ చేపల మార్కెట్‌లా సాగేది. అందరినీ ఒక వెబ్‌సైట్లోకి తెద్దామని ముగ్గురం మొదలుపెట్టాం. వండేవాళ్ళని బతిమాలడం, కొనేవాళ్ళ చేత తిట్లు తినడం నా వంతు. డెలివరీలూ వ్యాపారమూ వరంగల్ అబ్బాయి చూసుకునేవాడు. యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, టాక్సీ తోలి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకుని నిలదొక్కుకున్న మనిషి. మూడోవాడు మా ఒంగోలు వైపు పిల్లాడు. సైటు రాసింది వాడు, దాన్ని నడిపే సర్వర్లు బిగించింది వాడు. ఇద్దరూ నన్ను అక్కా అనే పిలిచేవాళ్ళు.

సర్వర్లని గ్యారేజ్‌లో పెట్టుకోవడమేంటని ఇప్పుడు ఎవరైనా నవ్వుతారు. పగలూ రాత్రీ ఆగకుండా నడవాల్సిన కంప్యూటర్లవి. ఎవరో ఆఫీసు మూసేస్తుంటే పాతవి తెచ్చి, ఇనుప ఫ్రేములో ఒకదాని మీద ఒకటి బిగించి, వైర్లన్నీ జడ అల్లినట్టు కట్టాడు మా ఒంగోలు పిల్లాడు. ఉద్యోగం నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. షూస్ విప్పి, ఓ పాత ప్లాస్టిక్ కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేనిచ్చిన టీ చల్లారిపోయేదాకా దానివైపు చూడకుండా పనిచేసుకునేవాడు. చల్లారాక తాగి, "టీ బాగుందక్కా" అనేవాడు. వాడి మొహం, చల్లారిన టీ ఎక్కడైనా బాగుంటుందా!

వాళ్ళమ్మ పేరెంట్ వీసా మీద వచ్చి వాడి దగ్గరే ఉండేది. మా వెనక వీధిలోనే ఇల్లు. నాకు ఆంటీ. ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి మా సైట్లో పెట్టేది. ఎండాకాలం ఏ గొడవా లేదు. జూన్ వచ్చిందంటే మాత్రం తిప్పలే. ఈ ఊరి చలికి పిండి పులవదు. దుప్పటి కప్పినా, ఓవెన్‌లో లైటు వేసి పెట్టినా, పొద్దున మూత తీస్తే రాత్రి పోసినంతే ఉంటుంది. అలాంటి పిండి అమ్మితే జనం ఊరుకుంటారా, నాకే ఫోన్లు.

ఒకరోజు వాడే అన్నాడు, "అమ్మా, ఈ సర్వర్ల వెనక నుంచి వేడిగాలి ఊరికే పోతంది గదా, గిన్నెలు ఇక్కడ పెట్టు" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. "కరెంటు సామాను దగ్గర పిండి గిన్నెలేంట్రా, పొంగి వైర్ల మీద పడితే కంపెనీకి నువ్వు పిండాలు పెడతావా" అని అరిచాను. వాడు నవ్వి, ఆ శనివారమే చెక్కతో ఒక అర చేశాడు. పొంగితే కారకుండా కింద పెద్ద పళ్ళెం పెట్టాడు. మర్నాడు పొద్దున పిండి ఎలా పొంగిందనుకున్నారు, మూతని ఎత్తేసింది. ఆంటీ చేత్తో తట్టి చూసి, "మావాడి పొయ్యి మంచిదే" అంది. అప్పట్నుంచి సాయంత్రం గిన్నెలు పెట్టడం, పొద్దున తీసుకుపోవడం ఆంటీకి అలవాటైంది. గ్యారేజ్ తాళంచెవి ఒకటి ఆవిడ కొంగుకే ఉండేది. పిండి బాగుందని జనం మెచ్చుకుంటే నేను మాత్రం అసలు సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

వాడు పోయాడు. దీన్ని ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. జబ్బు లేదు, జ్వరం లేదు. ఆఫీసులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. పెళ్ళి కూడా కాలేదు. అప్పుడు ఆంటీ చెల్లెలి కూతురి పెళ్ళికని ఒంగోలు వెళ్ళి ఉంది. పరుగున వచ్చింది. అన్నీ అయ్యాయి. అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు ఇక అక్కడే ఉండిపోతుందేమో అనుకున్నాం. తిరిగొచ్చింది. వాడి ఇల్లు ఖాళీ చేసి, అదే వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, మళ్ళీ పప్పు నానబోసింది.

అప్పటినుంచి సాయంత్రం గిన్నెలు పెట్టడానికి వచ్చినప్పుడు వెంటనే వెళ్ళేది కాదు. వాడి కుర్చీలో కూర్చునేది. ఏడుపు లేదు, జపం లేదు, ఫోను చూడటం లేదు. ఆ ఫ్యాన్ల హోరులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని, లేచి, లైటు ఆర్పి వెళ్ళిపోయేది. ఒకసారి నేను బట్టలు ఆరేయడానికి వెళ్తూ తొంగిచూస్తే, "వాడు ఫోన్లో మాట్టాడేటప్పుడల్లా ఎనకాల ఈ హోరే ఇనపడేది అమ్మాయ్" అంది. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆవిడ ముందు ఏడవడానికి మనసొప్పలేదు.

ఇలా ఉండగా కంపెనీ పెరగడం మొదలుపెట్టింది. వరంగల్ అబ్బాయి మెల్‌బోర్న్ వెళ్ళి అక్కడ మనవాళ్ళెక్కువుండే క్రాన్‌బర్న్‌లో వండేవాళ్ళని చేర్చుకొచ్చాడు. వాళ్ళకి మనకన్నా పొద్దు ముందు ఎక్కుతుంది, మనకు తెల్లారేసరికే అక్కడి ఆర్డర్లు దబదబా వచ్చి పడేవి. సంతోషించాల్సింది పోయి నాకు గుండె దడ. ఎందుకంటే ఆ సర్వర్ల లోపల ఏముందో, ఏది ఎందుకు పెట్టాడో, వాడు పోయాక మా ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఏదైనా ఆగితే ఆపి మళ్ళీ వేయడం, దేవుడికి దండం పెట్టుకోవడం. అంతే మా విద్య.

ఫిబ్రవరిలో ఒక శనివారం గ్యారేజ్ ఏసీ చచ్చిపోయింది. బయట నలభై దాటిన ఎండ, పైన రేకు. నేను చూసేసరికి సర్వర్లు వేడెక్కి వాటంతట అవే ఆగిపోయాయి. క్రాన్‌బర్న్‌లో ఎవరింట్లోనో సీమంతమట, భోజనాల ఆర్డరంతా మా సైట్లోనే ఇరుక్కుంది. ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాన్లన్నీ తెచ్చి పెట్టాం. మా ఆయన ఫ్రిజ్‌లోంచి ఐస్ తెచ్చి బేసిన్లలో పోశాడు. తల ప్రాణం తోకకొచ్చింది. ఫోన్లో ఆ సీమంతం ఇంటావిడ నన్నన్న మాటలు ఇక్కడ రాయను, రాస్తే మీరు కూడా తిడతారు.

సాయంత్రానికి సర్వర్లు లేచాక వరంగల్ అబ్బాయి నేల మీద కూలబడ్డాడు. "అక్కా, గిట్ల నడ్వదు. హోస్టింగ్ బయట కంపెనీకి ఇచ్చేద్దాం. సైటు వాళ్ళ సర్వర్ల మీదుంటది. నడిపేటోళ్ళు వాళ్ళే, చూస్కునేటోళ్ళు వాళ్ళే. మనం మన పని చేస్కుందాం" అన్నాడు.

"ఇచ్చేద్దాం" అన్నాను. అంత త్వరగా ఒప్పుకుంటానని వాడనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఆ తర్వాత ఇద్దరం ఒకేసారి ఆ ప్లాస్టిక్ కుర్చీ వైపు చూశాం.

హోస్టింగ్ కంపెనీ మనిషి ఒకాయన చూడటానికి వచ్చాడు. తెల్లాయన, పెద్దమనిషి, చెప్పులు బయట విడవమంటారా అని అడిగి మరీ విడిచాడు. వెనక అరలో పిండి గిన్నెలు చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. తర్వాత, "అది తినేదా?" అని అడిగాడు. అవునన్నాం. పుస్తకంలో ఏమీ రాసుకోకుండా ముందుకు జరిగాడు. వైర్లు కట్టిన తీరు చూసి మాత్రం ఆగి, శ్రద్ధగల మనిషి కట్టాడని మెచ్చుకున్నాడు. మార్చే ముందు ఈ మనిషితో ఒక అరగంట కూర్చుని మాట్లాడాలి, ఎప్పుడు కుదురుతుంది అన్నాడు. వరంగల్ అబ్బాయి ఏసీ రిమోట్ వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. కుదరదని నేనే చెప్పాల్సి వచ్చింది.

పద్ధతి ఇదీ. మా సైటూ, దానిలోని సమాచారమంతా సిడ్నీలో వాళ్ళ భవనంలోని యంత్రాల్లోకి వెళ్తుంది. మా డబ్బాలు వాళ్ళకి అక్కర్లేదు. పని అయిపోయాక వాటిని ఆపేసి ఎవరికైనా ఇచ్చేసుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఒక్క చిక్కూ లేదు. చిక్కల్లా ఆంటీకి ఎవరు చెప్పాలన్నదే.

దీనికి మేం పడ్డ పోట్లాట హోస్టింగ్ ఎవరికివ్వాలన్నదానికి కూడా పడలేదు.

"నువ్వు చెప్పు" అన్నాను.

"నేనెట్ల చెప్తనక్కా? ఆంటీని చూస్తేనే నాకు మాట రాదు. ఆడోళ్ళు ఆడోళ్ళు మీరు మీరు మాట్లాడుకుంటే మంచిగుంటది."

"ఆడోళ్ళమైతే? మాకు గుండె ఇనుముతో చేశార్రా?"

ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వారాలు గడిచాయి. ఆవిడ వచ్చేది, "తిన్నారా అమ్మా" అనేది, మేం "తిన్నాం ఆంటీ" అనేవాళ్ళం. చివరికి వరంగల్ అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు. సైటు సిడ్నీకి పోతుంది. ఇక్కడ మాత్రం ఒక సర్వర్‌ని ఊరికే ఆన్‌లో ఉంచుదాం. దానిలో ఏమీ ఉండదు, కానీ ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, హోరు ఉంటుంది. ఆంటీకి తెలియదు. ఆమె కూర్చున్నన్నాళ్ళు కూర్చుంటుంది.

"సిగ్గుండాలి. పెద్దావిడని అలా మోసం చేస్తామా" అని గట్టిగా కేకలేశాను. వాడు తలొంచుకుని విన్నాడు. విన్నాక, "సరే, అయితే నువ్వు చెప్తవా?" అన్నాడు. నేను చెప్పలేనని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. అలా ఒప్పుకున్నాం.

ఆర్డర్లు తక్కువగా ఉండే ఒక మంగళవారం మధ్యాహ్నం సైటు సిడ్నీకి మారింది. జూన్ నెల. ఫోన్లో అవతలి ఇంజనీరు ఒక్కొక్కటీ చెబుతూ పోయాడు, ఇది వచ్చింది, అది వచ్చింది, ఇప్పుడు చూసుకోండి అని. చూసుకున్నాం. అన్నీ ఉన్నాయి. పైగా సైటు ఇదివరకటికంటే చురుగ్గా తెరుచుకుంటోంది. వరంగల్ అబ్బాయి కళ్ళు తుడుచుకుని, "వాడుంటే ఎంత సంబరపడేటోడు" అన్నాడు. ఒక్క సర్వర్ వదిలి మిగతావి ఆపేశాడు. హోరు కాస్త తగ్గింది. ఆంటీ వయసుకి ఆ తేడా తెలియదులే అనుకున్నాం.

సాయంత్రం ఆవిడ వచ్చింది. గిన్నెలు అరలో సర్దింది. కుర్చీలో కూర్చుంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి లేచి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను, అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

పొద్దున నేను బ్రష్ చేసుకుంటుండగా గ్యారేజ్ తలుపు చప్పుడైంది. వెళ్తే ఆంటీ గిన్నె మూత తీసి పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మాయ్, పిండి పులవలా."

"చలి కదా ఆంటీ" అన్నాను.

"చలి నిన్నా ఉంది, మొన్నా ఉంది." గిన్నె కింద పెట్టి నా చెయ్యి పట్టుకుని సర్వర్ వెనక్కి తీసుకెళ్ళి గాలి వచ్చేచోట ఆనించింది. "చూడు. గాలైతే వస్తంది. చల్లంగా ఉంది. ఏంజేశారు?"

ఏమీ లేని సర్వర్‌కి పనేముంది, పని లేనిదానికి వేడేముంది. హోరు గురించి ఆలోచించాం, లైటు గురించి ఆలోచించాం. పిండి సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. వరంగల్ అబ్బాయికి ఫోన్ చేస్తే పియారా వాటర్స్‌లోని వాళ్ళింటి నుంచి తల కూడా దువ్వుకోకుండా వచ్చాడు. వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఎండకి సర్వర్లు ఆగిపోవడం, హోస్టింగ్ బయటికివ్వడం, సిడ్నీ, ఈ ఖాళీ సర్వర్, అన్నీ.

"మీరు బాధపడ్తరనే ఆంటీ..." అన్నాడు చివర్లో.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"బాధపడతాననే. పోయినసారి గూడా అందరూ ఇదే మాట. మావాడు పోయినాక నాకెవరు చెప్పారు నాయనా? పెళ్ళింట్లో ఉంటే మా తమ్ముడొచ్చి, సీరియస్‌గా ఉందంట, నువ్వు బయల్దేరక్కా అన్నాడు. నేను నమ్మినా. విమానంలో కూర్చోని నేనేం జేశానో తెలుసా? వాడు లేచి కూర్చుంటే పథ్యం ఏం పెట్టాల అని ఆలోచన చేసుకుంటా వచ్చినా. మిరియాల చారు కాయాల, పెసరకట్టు చేసి పెట్టాల, మాగాయి అప్పుడే పెట్టగూడదు అనుకుంటా వచ్చినా. ఆ దారి పొడుగునా అదే ఆలోచన. అప్పటికే వాణ్ణి ఆస్పత్రిలో ఐసులో పెట్టి ఉన్నారు. నాకు బాధ లేకుండా చేసినారు అందరూ గలిసి."

మన దేశంలో చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. సీరియస్ అంటారు, బయల్దేరి రమ్మంటారు. వినేవాడు తట్టుకోలేడని అలా చెబుతారు. నేనూ మా బంధువుల విషయంలో ఆ మాట విన్నాను, అంతా మంచికే అనుకున్నాను. విమానంలో పథ్యం గురించి ఆలోచించుకుంటూ వచ్చిన తల్లిని ఎదురుగా చూసేదాకా ఆ మాట ఏం చేస్తుందో నాకు తెలియదు.

"సిడ్నీకి పంపినారా" అంది ఆంటీ మళ్ళీ. "సిడ్నీలో వాడికెవరున్నారు?"

వరంగల్ అబ్బాయి బెదిరిపోయాడు. "అట్ల కాదాంటీ, అది వట్టి సమాచారం, అంటే వాడు అందులో..."

"ఏంది, నాకు పిచ్చనుకున్నావా? వాడు ఈ డబ్బాలో కూర్చోని ఉన్నాడనుకుంటన్నానా నేను?" అప్పుడు మాత్రం గొంతు లేచింది. "మా పక్కింటి తెల్లామె ఆదివారం పొద్దున పూలు పట్టుకోని మొగుడి సమాధి కాడికి పోద్ది. వచ్చినాక మొహం కాస్త తేటగా ఉంటది. నేను యాడికి పోవాల? కాల్చినాక మనకేం మిగులుద్ది? బూడిద నేనే తీసుకుపోయి కృష్ణలో కలిపొచ్చినా. వాడి ఇల్లు ఎవరికో ఇచ్చేసినారు. మడిసన్నాక ఒకచోట కూర్చోవాలమ్మా. ఇక్కడ కూర్చున్నా. అంతే. మీరు నాతో ఒక్క ముక్క చెప్పుంటే, మంచిదే, కానీండి అనేదాన్ని. వాడు చేసింది పెద్దదై వేరే ఊరు పోతంటే నేనొద్దంటానా?"

గ్యారేజ్‌లో ఆ ఒంటి ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇంతకుముందు ఎప్పుడూ వినపడనంత గట్టిగా వినపడింది నాకు. ఊరికే తిరగడం కోసం పెట్టిన ఫ్యాను అని ముగ్గురికీ తెలిసిపోయాక, దాన్ని వినడం నరకంలా అనిపించింది.

"ఆపండి దాన్ని" అంది ఆంటీ.

"ఉంచుదాంలే ఆంటీ, మీరు వచ్చి..." అన్నాను.

"దేనికమ్మా, నా కోసరం తిప్పుతా కూర్చుంటారా? ఆపండి."

వరంగల్ అబ్బాయి లేచి సర్వర్ ముందుకు వెళ్ళాడు. వంగి బటన్ మీద వేలు పెట్టబోతుంటే ఆంటీ వాడి మణికట్టు పట్టుకుంది.

"నువ్వొద్దు నాయనా. ఆ రోజు నువ్వే నొక్కినావంట గదా."

వాడు వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజంటే ఏ రోజో మాకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి దహనశాలలో చితి ఉండదు, నిప్పు ఉండదు. గోడకి ఒక బటన్ ఉంటుంది. మనవాళ్ళెవరో ఒకరు దాన్ని నొక్కితే పెట్టె లోపలికి వెళ్ళిపోతుంది. కన్నతల్లి అక్కడికి రాకూడదని ఇక్కడి తెలుగు అసోసియేషన్ పెద్దలు అన్నారు. ఆవిణ్ణి మా ఇంట్లో, మా పడకగదిలో ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని పట్టుకున్నాం. తమ్ముడి వరస అని ఆ బటన్ వరంగల్ అబ్బాయి చేత నొక్కించారు. నొక్కి వచ్చినప్పటినుంచి వాడు ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. ఆంటీ కూడా ఏనాడూ అడగలేదు. మరిచిపోయిందనుకున్నాం. ఏం మనుషులమో!

"నన్ను రానియ్యలా" అంది ఆవిడ, ఎవరితోనూ కాదన్నట్టు. "కడుపున మోసింది నేను. నన్నొక్కదాన్నే రానియ్యలా."

వరంగల్ అబ్బాయి పక్కకి జరిగాడు. ఆంటీ కొంగు నడుముకి దోపుకుని సర్వర్ ముందు నిలబడింది. ఏ బటనో వాడు చూపించాడు.

"ఒక్కసారి నొక్కితే ఆగదాంటీ. ఆగేదాంక గట్టిగ నొక్కి పట్టుకోవాలె."

ఆవిడ బొటనవేలు పెట్టి నొక్కింది. లైటు కొట్టుకుంది. ఫ్యాను ఒక్కసారి ఎగిసి, తర్వాత మెల్లగా, మెల్లగా తగ్గి ఆగిపోయింది. లైటు ఆరిపోయింది. వీధిలో ఎవరిదో కుక్క అరుపు వినపడింది. ఆంటీ మాత్రం వేలు తీయలేదు. గోరు తెల్లబడేలా అలాగే నొక్కిపట్టుకుని నిలబడింది.

"ఆగిందాంటీ" అన్నాడు వరంగల్ అబ్బాయి. మళ్ళీ అన్నాడు. నేను వెళ్ళి ఆవిడ వేలిని బటన్ మీంచి మెల్లగా తీశాను. చల్లగా ఉంది ఆ వేలు.

ఆవిడ కుర్చీ వైపు చూడలేదు, పిండి గిన్నె వైపు చూడలేదు. గ్యారేజ్‌లోంచి ఇంట్లోకి ఉండే తలుపు తోసుకుని నేరుగా మా బాత్రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకుంది. ఏమవుతుందోనని నేను వెనకే పరిగెత్తాను. లోపల షవర్ తిప్పిన చప్పుడు. కట్టుకున్న చీరతోనే కింద నిలబడిందని అర్థమైంది. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు పోసుకునే స్నానం అది. నీళ్ళ చప్పుడుని మించి ఒక ఏడుపు లేచింది. వాడు పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవగా నేను వినలేదు. కన్నా, కన్నా అని పిలుస్తూ, గోడకి చేతులు కొట్టుకుంటూ, గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. నేను తువ్వాలూ, నా చీర ఒకటీ పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. తగ్గాలని కూడా అనుకోలేదు. హాల్లో వరంగల్ అబ్బాయి సోఫాలో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

చాలాసేపటికి గడియ తీసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. నా చేతిలోని తువ్వాలు తీసుకుని, నా భుజం మీదుగా హాల్లోకి చూసింది.

"నువ్వూ పోసుకో అమ్మాయ్. వాణ్ణి గూడా పోసుకోమను" అంది.

నేను లోపలికి వెళ్ళి నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాను. నా తర్వాత వాడూ పోసుకున్నాడు.